చెంబుతో మొదలుపెట్టండి: పెద్దయ్యాక బొమ్మలు గీయడం నేర్చుకునేవారికి

బొమ్మలు వేయడం నేర్చుకోవాలన్న కోరిక పుట్టగానే చాలామంది దుకాణానికి వెళ్లి పన్నెండు పెన్సిళ్ల డబ్బా, రంగుల పెట్టె, దళసరి కాగితాల పుస్తకం కొనుక్కుని వస్తారు. ఆ పుస్తకం ఖరీదైనది కాబట్టి అందులో చెడ్డ బొమ్మ వేయడానికి చెయ్యి రాదు; చెడ్డ బొమ్మలు ఓ రెండు వందలు వేయనిదే మంచి బొమ్మ రాదు కాబట్టి ఆ పుస్తకం మూడో పేజీ దగ్గరే ఆగిపోతుంది. మా ఇంట్లో అలాంటివి రెండున్నాయి. నేను నలభై దాటాక, విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ గీత నేర్చుకున్నవాణ్ణి. గురువు దొరకనివారికి, రోజుకు అరగంటకు మించి తీరిక లేనివారికి, చిన్నప్పుడు బళ్లో డ్రాయింగ్ మార్కులు చూసుకుని తమకిక గీత రాదని తీర్మానించుకున్నవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

నేను పట్టుబట్టే నియమం ఒక్కటే. మొదటి మూడు నెలలు ఫొటో చూసిగాని, మరొకరి బొమ్మ చూసిగాని గీయకండి. కంటి ఎదుట ఉన్న వస్తువును కొలిచి గీయండి. ఫొటోలో కొలత, కోణం, వెలుగు అన్నీ ముందే బల్లపరుపుగా తేలిపోయి ఉంటాయి. మీరు నేర్చుకోవలసిన పనిని కెమెరా చేసేసి ఉంటుంది. నేను మొదట చేరిన ఒక తరగతిలో క్యాలెండరు దేవుళ్ల బొమ్మల మీద గళ్లు గీయించి, గడి తరవాత గడి కాపీ చేయించేవారు. నాలుగు నెలల్లో నా వినాయకుడు చూడముచ్చటగా తయారయ్యాడు. అదే రోజు మా వరండాలోని కుర్చీని చూసి గీయబోతే నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు పోయాయి. గళ్ల పద్ధతి చిన్న బొమ్మను గోడమీదికి పెంచడానికి పనికివచ్చే మంచి పద్ధతే కాని, చూడడం నేర్పే పద్ధతి కాదు.

కొనవలసినవి

హెచ్‌బి, 2బి, 6బి పెన్సిళ్లు ఒక్కొక్కటి, మెత్తని రబ్బరు, బ్లేడు, పరీక్షలకు పిల్లలు తీసుకెళ్లే అట్ట, యాభై ఎ4 తెల్ల కాగితాలు. ప్రింటర్లలో వాడే మామూలు కాగితం చాలు. అప్సర, నటరాజ్, క్యామ్లిన్ పెన్సిళ్లు ఏ వీధి దుకాణంలోనైనా దొరుకుతాయి. ఈ దశలో వాటి మధ్య తేడా మీ చేతికి తెలియదు.

పెన్సిలు మీది అక్షరాల సంగతి తెలుసుకుంటే అనవసరంగా కొనడం తగ్గుతుంది. పెన్సిలు ములుకు గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి కాల్చి తయారుచేస్తారు. ఈ పద్ధతికి ఫ్రాన్సులో నికొలా జాక్ కాంటే 1795లో పేటెంటు పొందాడు. మట్టి పాలు ఎక్కువైతే ములుకు గట్టిపడి గీత పలచగా, బూడిదరంగులో పడుతుంది. అది హెచ్ వరస. గ్రాఫైటు పాలు ఎక్కువైతే ములుకు మెత్తబడి గీత నల్లగా పడుతుంది. అది బి వరస. హెచ్‌బి రెంటికీ నడుమ ఉంటుంది. తేలిక గీతలకు హెచ్‌బి, ఆకారానికి 2బి, ముదురు నీడకు 6బి ఉంటే తక్కిన తొమ్మిదింటితో పనిలేదు.

పెన్సిలును షార్ప్‌నర్‌తో కాకుండా బ్లేడుతో చెక్కండి. కర్రను ఒక అంగుళం మేర ఏటవాలుగా తీసేసి, ములుకు దాదాపు ఒక సెంటీమీటరు బయటికి కనబడేలా ఉంచండి. కొసతో సన్నని గీతలు, పక్కభాగంతో వెడల్పైన నీడలు వేయడం అప్పుడే వీలవుతుంది. మొదటి వారం ములుకులు పుటుక్కున విరుగుతాయి. అంటే మీరు అవసరానికి మించి నొక్కుతున్నారని అర్థం.

కూర్చునే తీరు, చేయి కదలిక

కాగితాన్ని బల్ల మీద పడుకోబెట్టి గీస్తే దాని పైభాగం కంటికి దూరంగా, కిందిభాగం దగ్గరగా ఉంటుంది. గీసేటప్పుడు సరిగ్గానే కనబడిన బొమ్మ, గోడకు ఆనించి చూస్తే పైకి సాగిపోయి ఉంటుంది. మీరు గీసిన మొహాలకు నుదురు పొడవుగా వస్తోందంటే ముందుగా అనుమానించవలసింది అట్టనే. దాన్ని ఒడిలో పెట్టుకుని, పై అంచును బల్ల అంచుకు ఆనించి, కాగితం మీ చూపుకు ఎదురుగా నిలబడేలా వాల్చండి.

రాసేటప్పుడు మనం మణికట్టును కదుపుతాం. గీసేటప్పుడు భుజం కదలాలి. ఇది కొత్తవిద్య అనుకుని కంగారు పడకండి. ధనుర్మాసంలో తెల్లవారకముందే వాకిట్లో మెలికల ముగ్గు వేసే మన ఇళ్లలోని ఆడవాళ్లకు ఇది ఎప్పటినుంచో వచ్చు. పిండి పట్టిన వేళ్లు బిగుసుకుని ఉంటాయి, మణికట్టు కదలదు, నడుము వంచి భుజంతో చేతిని తిప్పుతారు, చుక్క దగ్గర ఆగకుండా దాని పక్కనుంచి ఒకే వేగంతో పోతారు. మీ ఇంట్లో ముగ్గు వేసేవారుంటే ఒక ఉదయం గీతను కాకుండా వారి మోచేతిని చూడండి. తరవాత కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, రెండో చుక్క మీదే చూపు నిలిపి, ఒక్క ఊపున కలపండి. ఆ తరవాత వృత్తాలు, నలిగిన వృత్తాలు, అంటే కోడిగుడ్డులా కొస తేలకుండా రెండు వైపులా సమంగా ఉండే దీర్ఘవృత్తాలు, వేయండి. రోజూ మొదటి ఐదు నిమిషాలు ఈ పనికే కేటాయించండి. పది చిన్న చిన్న గీకుళ్లతో తయారైన బొచ్చు గీతను తుడిచి, మళ్లీ ఒకే గీతగా వేయడం అలవాటు చేసుకోండి.

చెంబు

ఇప్పుడు అసలు పాఠం. ఇత్తడి చెంబుగాని స్టీలు చెంబుగాని తీసుకుని, కిటికీ పక్కన బల్లమీద, మీకు ఒకటిన్నర మీటరు దూరంలో పెట్టండి. మెరిసే స్టీలులో గది అంతా కనబడి గాబరా పెడుతుంది కాబట్టి, తోమక నాలుగు రోజులైన ఇత్తడి చెంబు అన్నిటికంటే మంచిది. మూతి మీ కంటికంటే కొంచెం కిందుగా ఉండాలి. లోపలి అంచు కనబడాలి, నీళ్లు కనబడకూడదు.

కొలత లేకుండా ఒక్క గీత కూడా పెట్టకండి. పెన్సిలును నిలువుగా పట్టుకుని చేతిని పూర్తిగా చాచండి. మోచెయ్యి ఎక్కడా వంగకూడదు. ఒక కన్ను మూసి, పెన్సిలు పైకొసను చెంబు మూతి అంచుకు ఆనినట్టు చూసి, కింది అంచు దగ్గరికి బొటనవేలి గోరును జరపండి. అది చెంబు ఎత్తు. ఆ గోరును కదపకుండా పెన్సిలును అడ్డంగా తిప్పి, చెంబు బొజ్జ వెడల్పు ఆ ఎత్తులో ఎంత వస్తుందో చూడండి. మా చెంబు వెడల్పు దాని ఎత్తుకు ఇంచుమించు సమానంగా వచ్చింది. నేను మాత్రం కొలవక ముందు దాన్ని కూజా అంత పొడవుగా గీసి ఉన్నాను. మోచెయ్యి ఒకసారి చాచి, ఒకసారి వంచి కొలిస్తే ఆ రెండు కొలతలకూ పొంతన కుదరదు. ఈ పద్ధతిలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదే.

కాగితం మీద ముందుగా ఒక నిలువు గీత లేతగా గీయండి. అది చెంబు వెన్ను. దాని మీద పైకొస, కిందికొస, మెడ, బొజ్జ వచ్చేచోట అడ్డంగా చిన్న గుర్తులు పెట్టి, కుడి ఎడమలకు సమంగా వెడల్పులు గుర్తించండి. ఆ తరవాత మూతిని, అడుగును గీయండి. దాదాపు అందరూ తడబడే చోటు ఇక్కడే ఉంది. చెంబు మూతి గుండ్రంగా ఉంటుందని మనకు తెలుసు కాబట్టి చెయ్యి దాన్ని అవసరానికి మించి గుండ్రంగా వేస్తుంది. చెంబు బల్లమీద కదలకుండా కూర్చుంటుందని తెలుసు కాబట్టి అడుగును స్కేలుతో గీసినంత తిన్నగా వేస్తుంది. కంటికి కనబడేది దీనికి సరిగ్గా తలకిందులు. మూతి కంటిమట్టానికి దగ్గరగా ఉంది కనుక బాగా నలిగిన దీర్ఘవృత్తంగా కనబడుతుంది. అడుగు కంటిమట్టానికి ఇంకా కిందుగా ఉంది కనుక దాని వంపు మూతి వంపుకంటే ఎక్కువగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే గాజు గ్లాసులో సగం నీళ్లు పోసి మెల్లగా కంటి ఎత్తుకు లేపండి. అంచు నలిగి నలిగి చివరికి ఒక గీత అవుతుంది. ఆ క్షణంలో కూడా నీటిమట్టం ఇంకా కొద్దిగా విచ్చుకునే ఉంటుంది, అడుగు అంతకన్నా విచ్చుకుని ఉంటుంది.

దీర్ఘవృత్తం కొసలు మునగాకు మాదిరి గుండ్రంగా తిరగాలి గాని, వేపాకు మాదిరి మొనదేలకూడదు. వెనకవైపు అంచు కనబడకపోయినా గీసి తరవాత తుడవండి. ముందు సగమే గీస్తే అది ఎప్పుడూ వంకర పోతుంది.

ఈ చెంబును వారం రోజులు, రోజుకొక కాగితం మీద గీయండి. ప్రతి కాగితం మూలన తేదీ వేయండి, ఏదీ పారేయకండి. విసుగు పుడుతుందా అంటే, మూడో రోజు పుడుతుంది. ఐదో రోజుకు మెడ దగ్గర అంతవరకూ కనబడని సొట్ట ఒకటి కనబడుతుంది.

ఖాళీలను గీయడం

రెండో వారం ప్లాస్టిక్ కుర్చీని తీసుకోండి. కుర్చీని గీయవద్దు, కాళ్ల మధ్య ఉన్న ఖాళీలను, చేతిపట్టెకూ సీటుకూ నడుమ ఉన్న సందును, వీపుపలకలోని కంతలను గీయండి. కుర్చీకి నాలుగు కాళ్లూ ఒకే పొడవని మనకు తెలుసు, ఆ తెలిసిన సంగతే గీతను చెడగొడుతుంది. కాళ్ల నడుమ ఖాళీకి పేరు లేదు, దాని ఆకారం గురించి మనకు ముందుగా తెలిసిందేమీ లేదు, అందువల్ల దాన్ని ఉన్నది ఉన్నట్టుగా చూస్తాం. నా కుర్చీ కాళ్లు సరైన దిక్కులకు తిరిగింది ఈ పద్ధతితోనే. కత్తెర పిడి కంతలు, కొబ్బరి మట్ట ఆకుల నడుమ సందులు, కిటికీ ఊచల వెనక ఆకాశం ముక్కలు కూడా మంచి పాఠాలు.

వాలుగా ఉన్న గీతల కోణం తెలియాలంటే పెన్సిలును ఆ వాలుకు ఆనినట్టు పట్టుకుని, గడియారం ముల్లుగా ఊహించుకోండి. "ఈ కాలు ఐదు గంటల దగ్గరుంది" అని గుర్తుపెట్టుకుని అదే వాలు కాగితం మీద వేయండి.

వెలుగు, నీడ

దీనికి కోడిగుడ్డుకు మించిన నమూనా లేదు. ట్యూబులైటు ఆర్పేసి, ఒకే కిటికీ నుంచో ఒకే టేబుల్ ల్యాంపు నుంచో వెలుగు ఒక పక్కగా పడేలా చూడండి. గుడ్డును తెల్లకాగితం మీద పెట్టి కళ్లు సగం మూసి చూడండి. చిన్న చిన్న తేడాలు మాయమై పెద్ద విభాగాలు మాత్రం మిగులుతాయి. వెలుగు నేరుగా పడే చోటు, అది క్రమంగా తగ్గే చోటు, గుడ్డు వెలుగునుంచి పక్కకు తిరిగిపోయిన చోట ముదురు పట్టీ, ఆ పట్టీ తరవాత బల్లమీది కాగితం నుంచి తిరిగివచ్చిన వెలుగుతో కాస్త తేలికపడిన అంచు, చివరగా గుడ్డు నీడ బల్లమీద. అంచు దగ్గర ఆ కాస్త తేలిక రంగును వదిలేస్తే గుడ్డు గుండ్రంగా కాక, నల్లబడిన బిళ్లలా కనబడుతుంది.

గీసే ముందు కాగితం అంచున ఐదు చిన్న గళ్లు వేసి, తెలుపు నుంచి ముదురు నలుపు వరకు మెట్లుగా నింపండి. ఏ చోట ఏ మెట్టు రావాలో ముందే నిర్ణయించుకోండి. నీడను ఒకే దిక్కుకు పోయే దగ్గర దగ్గర గీతలతో వేసి, ముదురు కావలసిన చోట మరో దిక్కునుంచి ఇంకో వరస వేయండి. వేలితో పాముతూ మెత్తగా చేయవద్దు. ఈ సలహాకు మన విశాఖలో ఒక కారణం ఉంది: సముద్రపు గాలికి చేతులు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి, చెమట అంటిన చోట గ్రాఫైటు జిడ్డు మరకగా మారి ఆ తరవాత రబ్బరుకు కూడా లొంగదు. అరచేతి కింద ఎప్పుడూ ఒక విడి కాగితం ఉంచుకోండి. కాగితాల కట్టను ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి మడవండి; బయట వదిలేస్తే వానాకాలంలో అప్పడాల్లా వంకర్లు తిరుగుతాయి.

వీధిలోకి

నెలన్నర తరవాత బయటికి వెళ్లండి. బొమ్మలు నేర్చుకునేవారికి విశాఖపట్నం ఇచ్చిన వరం సముద్రపు గీత. దూరంలో ఉన్నవి చిన్నవిగా, ఒక బిందువు వైపు పోతున్నట్టుగా కనబడే తీరును నేర్చుకోవడానికి ముందు కంటిమట్టం ఎక్కడుందో తెలియాలి. ఇళ్ల మధ్య, వీధుల మధ్య అది ఊహించుకోవలసిన గీత. ఇక్కడ అది నీలంగా, తిన్నగా, ఎదురుగా ఉంటుంది. ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే మీతో సమానమైన ఎత్తున్న మనుషులు, పక్కన ఉన్నవారైనా వంద గజాల దూరంలో ఉన్నవారైనా, మీరు నిలబడిన మట్టంలోనే నిలబడి ఉంటే, సముద్రపు గీత అందరికీ కళ్ల దగ్గరే పోతుంది. అదే చోట ఇసుకలో కూర్చుంటే ఆ గీత వారి మోకాలికి పైన, నడుముకు కింద పోతుంది. నీటి అంచుకు దిగినవారు మీకంటే పల్లంలో ఉన్నారు కనుక వారికి అది ఇంకా పైన తగులుతుంది. కైలాసగిరి ఎక్కి చూడండి. మీతోపాటు సముద్రపు గీత కూడా పైకి వచ్చి మళ్లీ మీ కంటి ఎత్తునే నిలుస్తుంది, మీరు వదిలివచ్చిన బీచ్ రోడ్డు మాత్రం అడుగున పడి ఉంటుంది. బొమ్మలో ఈ గీతను మొదట వేసి, తక్కినవన్నీ దానితో పోల్చి పెట్టండి.

వెళ్లవలసిన వేళ ఉదయం. మనకు సూర్యుడు సముద్రం మీదుగా వస్తాడు. ఆర్కే బీచ్‌లో డాల్ఫిన్ నోస్ కొండవైపు తిరిగి కూర్చుంటే వెలుగు మీ ఎడమనుంచి పడుతుంది, కొండ మడతలు ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లగా విడివిడిగా కనబడతాయి. మధ్యాహ్నానికి ఆ మడతలన్నీ కలిసిపోయి కొండ మొత్తం ఒకే ముద్ద అవుతుంది. కొండను పక్కనున్న తాటిచెట్టంత నల్లగా వేయకండి. నడుమ ఉన్న గాలి, తేమ దూరపు వస్తువులను పలచబరుస్తాయి. హెచ్‌బి దాటి పోనవసరం లేదు.

పెద్ద వస్తువును కాగితంలో ఇమడ్చడం ఎలాగో నాకు నేర్పింది కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి పొంది, మరుసటి ఏడాదినుంచి బీచ్ రోడ్డు పక్క ప్రదర్శనశాలగా ఉన్న ఆ నౌక పొడవు సుమారు 91 మీటర్లు. నేను ముక్కునుంచి మొదలుపెట్టి ఉత్సాహంగా గీసుకుంటూ పోయాను. నడుమనున్న గోపురం దగ్గరికి వచ్చేసరికి కాగితం ముప్పాతిక అయిపోయింది. రెండోసారి చిన్నగా మొదలుపెట్టినా తోక పట్టలేదు. మూడోసారి తోకను వంచి ఇరికించాను, పక్కన మురీ మిక్చర్ తింటున్న కుర్రాడు చూసి, "అది తిమింగలమా అండీ?" అని అడిగాడు. నాలుగోసారి రెండు కొసలకూ ముందే గుర్తులు పెట్టి, గోపురం ఆ పొడవులో ఎక్కడ వస్తుందో పెన్సిలుతో కొలిచి, పొడవులో ఎత్తు ఎన్నోవంతో చూసి, ఆ తరవాతే గీత మొదలుపెట్టాను. మీరు గీసేది పడవైనా, చర్చి అయినా, కొండైనా మొదట పెట్టవలసినవి ఈ నాలుగు గుర్తులే: ఎడమకొస, కుడికొస, పైకొస, కిందికొస.

ఫిషింగ్ హార్బర్‌కు వెళితే నీటిలో ఉన్న బోట్ల జోలికి మొదటే పోకండి, అవి కట్టుతాడు చుట్టూ తిరుగుతూ ఐదు నిమిషాలకోసారి రూపం మార్చుకుంటాయి. ఒడ్డుకు లాగి ఉన్న పడవతో మొదలుపెట్టండి. దాన్ని పట్టే ఒక పెట్టెను లేతగా గీసి, ఆ పెట్టెలో పడవ అంచు వంపును వేయండి. చేపలు దించే వేళలో దారికి అడ్డంగా కూర్చోకూడదని వేరే చెప్పనక్కరలేదు. నౌకాదళ స్థలాల దగ్గర, పోర్టు గేట్ల దగ్గర నిషేధపు బోర్డులున్నచోట పుస్తకం తీయవద్దు.

మనుషులు

మనుషులను ఆలస్యంగానే మొదలుపెట్టండి. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సుకోసం ఎదురుచూసేవారు మంచి నమూనాలు. ఎవరూ రెండు నిమిషాలకు మించి ఒకేలా ఉండరు కనుక వివరాల జోలికి పోయే ప్రమాదం లేదు. భుజాల వాలు ఒక గీత, నడుము వాలు ఒక గీత, బరువు ఏ కాలిమీద ఉందో ఆ కాలికి ఒక గీత. సంచి మోసేవారి భుజాలు ఒక వైపు, నడుము ఇంకో వైపు వాలి ఉంటాయి. ఆ రెండు వాలులు పట్టుకుంటే కళ్లూ ముక్కూ లేకపోయినా మనిషి నిలబడతాడు. నిలబడిన పెద్దమనిషి ఎత్తు తలకు ఏడు, ఏడున్నర రెట్లు ఉంటుంది. తలలో కళ్లు సరిగ్గా సగం ఎత్తున ఉంటాయి. జుట్టు, నుదురు మనకు ముఖ్యం కావు కనుక అందరం కళ్లను మాడుకు దగ్గరగా పెట్టేస్తాం.

ఇంత చేశాక, మూడు నెలలు నిండాక, ఇతరుల బొమ్మలను చూసి గీయండి. అప్పటికి మీకు ఏం వెతకాలో తెలుస్తుంది. బాపు (1933–2014) గీతలో చూడవలసింది అది ఎక్కడ ఆగిందన్నది. చీర అంచు సగంలో వదిలేసినా మిగిలిన సగం చూసేవారి కన్నే పూర్తిచేస్తుంది. వడ్డాది పాపయ్య బొమ్మల్లో వెలుగు ఏ దిక్కునుంచి వస్తోందో వెతకండి. వీలైతే సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని రాజమహేంద్రవరం వెళ్లి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూసి రండి. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో, కన్నుమూసిన మనిషి అంత పని ఎలా చేశాడా అనిపిస్తుంది. అచ్చులో నలిగిపోయే సన్నగీతలు అసలు బొమ్మ దగ్గర నిలబడితేనే కనబడతాయి.

మూడు నెలలు నిండిన రోజున ఆ మొదటి చెంబును మళ్లీ అదే కిటికీ పక్కన, అదే దూరంలో, అదే వేళకు పెట్టండి. మొదటి రోజు కాగితాన్ని చూడకుండా గీయండి. తరవాత రెండింటినీ పక్కపక్కన పరిచి, స్కేలుతో ఎత్తు వెడల్పులు కొలిచి, అసలు చెంబు కొలతలతో పోల్చండి. అప్పుడు అడుగు వంపును చూడండి. అది ఇంకా తిన్నగానే ఉంటే మళ్లీ గాజు గ్లాసులో నీళ్లు పోసుకుని ఆ ఒక్క వారాన్ని మొదటినుంచి చేయండి. వంపు వచ్చి ఉంటే ఇక దళసరి కాగితాల పుస్తకం తెరిచి నాలుగో పేజీలో గీయవచ్చు.